గాల్వెస్టన్ నుంచి కొజుమెల్ దాకా: మా క్రూయిజ్‌లో మొదటి మూడు రోజులు

మేం నలుగురం ఎమ్మెస్ చేసేటప్పుడు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, తర్వాత పెళ్ళి, పిల్లలు, ఉద్యోగాలు అంటూ తలో ఊళ్ళో పడ్డాం. పదేళ్ళకి, పోయిన డిసెంబర్‌లో, పిల్లల్ని వాళ్ళ నాన్నలకి అప్పజెప్పి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ చేసుకున్నాం.

మెక్సికో దీవి కొజుమెల్ ఒక్కచోటే ఆగేది కావాలని పట్టుబట్టి వెతికాం, ఎందుకంటే మాలో గుంటూరు పిల్లకి పాస్‌పోర్ట్‌లో హెచ్‌వన్ (అమెరికా ఉద్యోగ వీసా) స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయిపోయింది. మెక్సికోకి వెళ్ళి 30 రోజుల్లోపు వచ్చేస్తే, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) వాలిడ్‌గా ఉండి కొత్త వీసాకి అప్లై చేసి ఉండకపోతే, పాత స్టాంప్‌తోనే అమెరికాలోకి రానిస్తారు, దాన్నే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. హెచ్‌వన్ వాళ్ళకి బహామాస్ లాంటి దీవులకి ఇది వర్తించదు, కాబట్టి ఎవరో వెళ్ళొచ్చారని విని బుక్ చేసుకోకండి ప్లీజ్. తను ఐ-797 (హెచ్‌వన్ అప్రూవల్ నోటీసు), ఐ-94 ప్రింట్లు తీసి చేతి బ్యాగ్‌లోనే పెట్టుకుంది, అయినా టెర్మినల్‌లో చెక్-ఇన్ అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు.

డల్లాస్ నుంచి ఐ-45 హైవే పట్టుకుంటే నేరుగా గాల్వెస్టన్‌లోనే తేలతాం, దగ్గర దగ్గర 290 మైళ్ళు. ముందురోజే వెళ్ళి హోటల్లో పడుకోవడం చాలా మంచిదైంది.

పెద్ద సూట్‌కేసులు పోర్టర్లకి ఇచ్చేశాక అవి సాయంత్రానికి గానీ రూమ్‌కి రావు. మూడు వచ్చాయి, నాది రాలేదు. ఫోన్ ఛార్జింగ్‌కని ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టా, దానికి సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే ఆపేది) ఉంది, అగ్నిప్రమాదం భయంతో షిప్‌లో వాటిని అస్సలు రానివ్వరట, అందుకని బ్యాగ్ మొత్తం ఆపేశారు. కింద సెక్యూరిటీ దగ్గరికి వెళ్ళి తెచ్చుకునేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మా నలుగురి వాంతుల టాబ్లెట్లు అందులోనే ఉన్నాయి! అప్పటికే షిప్ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోకి వెళ్ళిపోయి ఊగుతోంది, నిజామాబాద్ పిల్ల మంచం మీంచి లేవలేకపోతోంది, నాకైతే ఏడుపొచ్చేసింది. మందులూ పాస్‌పోర్టూ ఒక జత బట్టలూ ఎప్పుడూ మీ భుజాన ఉండాలి.

అంతకుముందు, అదే రోజు సాయంత్రం మాత్రం ఎంత బాగుందో చెప్పలేను. మస్టర్ డ్రిల్ అని, ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో ఆ చోటికి వెళ్ళి కార్డు స్కాన్ చేయించుకోవాలి, అది అయ్యాక పైడెక్‌కి వెళ్ళాం. షిప్ ఛానెల్‌లోంచి నెమ్మదిగా కదులుతుంటే పక్కనే డాల్ఫిన్లు! నలుగురం చిన్నపిల్లల్లా "అదిగోనే, అదిగో" అని అరుస్తూ రెయిలింగ్ పట్టుకుని పరిగెత్తాం.

రెండో రోజంతా సముద్రమే, ఏ వైపు చూసినా ఒడ్డు లేదు. నిజామాబాద్ పిల్లకి వికారం తగ్గాలంటే గ్రీన్ యాపిల్ తినమన్నాడు మా రూమ్ సర్దే అతను, నేను బఫేలో తెల్లన్నం, ప్లెయిన్ యోగర్ట్ తెచ్చి పెరుగన్నం కలిపి పెట్టా. "లేవే, రెండు ముద్దలు తిను" అంటే లేచి తినింది, మధ్యాహ్నానికి డెక్ మీదకొచ్చి కూర్చుంది. నాకు ఆ రోజు ఇంకేదీ అక్కర్లేదనిపించింది. రాత్రి డైనింగ్ రూమ్‌లో అడిగితే ఇండియన్ వెజ్ కూడా పెట్టారు, పప్పు కాస్త చప్పగా ఉంటే సీల్ తియ్యకుండా తెచ్చిన కందిపొడి ప్యాకెట్ ఆదుకుంది.

మూడో రోజు పొద్దున కర్టెన్ తీస్తే కొజుమెల్. ఆ నీళ్ళ రంగు ఫోటోలో రాదు. బీచ్‌కి వెళ్ళాం, నీళ్ళలోనే రెండు గంటలున్నాం. ఒక్కటి చూసుకోండి, ఆ దీవి ఏడాది పొడుగునా ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్‌లోనే ఉంటుంది, చలికాలంలో టెక్సాస్ కంటే గంట ముందు. మా షిప్ టెక్సాస్ టైమే ఉంచింది, ఫోన్లేమో వాటంతటవే మారిపోయాయి. టైమ్ అయిపోయిందని ఉరుక్కుంటూ వచ్చి చూస్తే ఇంకా గంట ఉంది. అక్కడే పియర్ (షిప్ ఆగే రేవు) దగ్గర గోడ మీద తడి బట్టల్తో కూర్చున్నాం, గుంటూరు పిల్ల మా పాత అపార్ట్‌మెంట్‌లో హీటర్ పనిచెయ్యని చలికాలం గురించి ఎత్తుకుంది, షిప్ ఎక్కమని పిలిచేదాకా ఆ కబుర్లు అవ్వలేదు.