చింతపిక్కల లెక్క
నిన్న రాత్రి కరెంట్ పోయింది, మా పాప హోంవర్క్‌లో రెండు బేసి సంఖ్యలు కలిపితే ఎప్పుడూ సరి సంఖ్యే వస్తుందా అని ఉంటే చింతపిక్కలు ముందేసుకుని కూర్చున్నాం. 3, 5 కలిపింది, 7, 9 కలిపింది, ఇంకా ఎన్నిసార్లు చూడాలి నాన్నా అంది. నా దగ్గరా ఆన్సర్ లేదు. సరే జతలు జతలుగా పెట్టమన్నా, 7లో ఒకటి మిగిలింది, 9లోనూ ఒకటే, ఆ రెండిట్నీ తనే పక్కపక్కకి జరిపేసి "ఇవీ జతే కదా, ఇంక లెక్కపెట్టక్కర్లేదు" అనేసింది!

డిగ్రీలో ఫిలాసఫీ పేపర్‌లో ఎ ప్రియోరి అనే మాటకి అనుభవానికి ముందే తెలిసేది అని బట్టీ కొట్టి రాసొచ్చా, అదేదో పుట్టుకతోనే వచ్చే జ్ఞానం అనుకున్నా అప్పట్లో. కాదు. పాప పిక్కలతోనే నేర్చుకుంది, కానీ అది నిజం అనడానికి సాక్ష్యం పిక్కలు కాదు, ఆ జతల ఆలోచనే, ఎన్ని కోట్ల సంఖ్యలకైనా అంతే. జర్మన్ తత్వవేత్త కాంట్ 1787లో తన 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్' పుస్తకం రెండో ఎడిషన్ ఉపోద్ఘాతం మొదట్లోనే అంటాడు, జ్ఞానమంతా అనుభవంతోనే మొదలవుతుంది గానీ అంతా అనుభవం నుంచే పుట్టదు అని. మన భారతీయ తర్కశాస్త్రంలో చెప్పే పొగ ఉంటే నిప్పు ఉంటుందనేది మాత్రం వేరే కేసు, అది వంటింట్లో చూసి చూసి తెలుసుకోవాల్సిందే.

కరెంట్ వచ్చాక చూస్తే కొన్ని పిక్కలు సోఫా కిందకెళ్ళాయి. ఎన్నో మాత్రం వంగి లెక్కపెట్టాల్సొచ్చింది, నడుం పట్టేసింది.