లేవగానే కళ్లు తిరిగితే

శ్రీకాకుళం ఎండల్లో ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు) ఉన్నవాళ్లు మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగితే ‘నీరసంలే, కాస్త గంజి తాగు’ అని వదిలేయకండి. గుండె బాగానే ఉండొచ్చు. దాని వేగాన్ని, రక్తనాళాల బిగువును నడిపే ఆదేశాలు మెదడు కాండం, వెన్నుపాము గుండా వెళ్తాయి. అక్కడ నరాల మీది మైలిన్ అనే పొర దెబ్బతింటే అవి నెమ్మదిస్తాయి, ఒక్కోసారి దారిలోనే ఆగిపోతాయి.

5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ, పల్స్ రాయండి. నిలబెట్టి 1వ, 3వ నిమిషంలో మళ్లీ చూడండి. పడిపోకుండా పక్కన ఒకరుండాలి, ఇది మరవొద్దు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం న్యూరాలజిస్టుకు చూపించండి. బీపీ తగ్గకుండా, నిలబడ్డ 10 నిమిషాల్లోపు పల్స్ 30 పెరిగి అలాగే నిలిచినా చూపించాల్సిందే.

ఎంఎస్‌కు వాడే ఫింగోలిమోడ్ మందు మొదటి మోతాదు గుండె వేగాన్ని తగ్గిస్తుంది. 6 గంటలు ఆస్పత్రిలోనే ఉండాలి, ఊరి బస్సు తప్పిపోయినా సరే.