పోటు ఆగిపోయిన పన్ను

మొదట్లో చల్లటి నీళ్ళకు జివ్వుమనేది, కుడివైపు కింది దవడపన్ను. గుటక దిగేలోపే తగ్గిపోయేది. ఆ మాత్రం చాలామందికి ఉంటుంది, పేస్టు మార్చి చూశాను.

తర్వాత దాని తీరు మారింది. ఈసారి వేడికి. పొద్దున ఒక గుక్క టీ తాగితే మొదలైన పోటు, కప్పు కడిగి బోర్లించాక కూడా సలుపుతూనే ఉండేది. రాత్రి నడుం వాలిస్తే చెవిదాకా లాగేది. పై పన్నో కింది పన్నో కూడా తెలిసేది కాదు. లేచి కూర్చుంటే కాస్త నయం. విచిత్రమేమిటంటే, ఫ్రిజ్ నీళ్ళు పుక్కిట పడితే హాయిగా ఉండేది. మంచం పక్కన చల్లటి సీసా లేందే పడుకోలేని పరిస్థితి. అత్తయ్య లవంగం నలిపి దూదిలో పెట్టిచ్చారు. లవంగంలోని యూజినాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అబద్ధం కాదు. లోపలి పుచ్చును మాత్రం అదేం చేస్తుంది!

డెంటిస్టు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఈలోగా ఒక తెల్లవారుజామున పోటు ఠక్కున ఆగిపోయింది. వేడి టీ తాగినా ఏమీ లేదు. "తగ్గిపోయిందిగా అమ్మాయ్, ఇంకెందుకు డబ్బు దండగ" అన్నారు అత్తయ్య. నాకేమో అలా ఆగిపోవడమే టెన్షన్. అంతలా ఏడిపించింది ఏ వైద్యమూ లేకుండా ఎలా పోతుంది? వెళ్ళాను.

డాక్టరుగారు చల్లటి స్ప్రే కొట్టిన దూదిని పంటికి ఆనించారు. పక్క పన్నుకు చురుక్కుమంది, దీనికి చలనమే లేదు. అద్దం పిడితో మెల్లగా తట్టగానే మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఎక్స్‌రేలో వేరు కొసన నల్లటి మచ్చ. లోపలి నరం చచ్చిపోయింది కాబట్టే పోటు లేదని, ఇన్‌ఫెక్షన్ వేరు చివర నుంచి ఎముకలోకి దిగుతోందని చెప్పారు. యాంటీబయాటిక్ రాయమని అడిగితే, వాపూ జ్వరమూ లేనప్పుడు అక్కర్లేదన్నారు. చచ్చిన పంట్లో రక్తం ఆడదు, ఇక మందు అక్కడికి ఎలా చేరుతుంది?

రూట్ కెనాల్ అంటే అందరూ తెగ భయపెడతారు గానీ, మత్తు సూది చురుకు తప్ప నాకు నొప్పి తెలియలేదు. అంతసేపు నోరు తెరిచి ఉంచడమే కష్టం. ఫైళ్ళనే సన్నటి గరుకు సూదులతో వేర్లలోని కాలువలు గీకి, కడిగి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపారు. నమిలితే కొన్నాళ్ళు నొప్పిగా ఉండేది, పారాసెటమాల్‌తో సరిపోయింది. పన్ను విరక్కుండా తర్వాత క్యాప్ వేశారు.

దవడ కిందికో మెడ మీదికో వాపు పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడానికో ఊపిరికో ఇబ్బందైనా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దని, అర్ధరాత్రైనా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పొమ్మని కూడా చెప్పి పంపారు. ఇదంతా ఇంట్లో చెబుతుంటే అత్తయ్య మెల్లగా తన సంగతి బయటపెట్టారు. పైచిగురు మీద చాన్నాళ్ళుగా ఒక చీముపొక్కు లేవడం, చితకడం, మళ్ళీ లేవడం. నొప్పి లేదు కదా అని ఎవరికీ చెప్పలేదట. వచ్చే వారం ఆవిడకు ఎక్స్‌రే.