పన్నెండున్నర గడులు

నాకు వచ్చింది ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్. దానికి విటమిన్ ఏ జాతికి చెందిన ఏటీఆర్ఏ మాత్రలు, సెలైన్‌లో ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ఇస్తామన్నారు. ఆర్సెనిక్ అంటే పాషాణం. ఆ మాట వినగానే గుండెల్లో రాయి పడింది. డాక్టర్‌గారు ముందు ఈసీజీ తీయించి, "జబ్బు ఈ మందుకి బాగా లొంగుతుంది. కాకపోతే గుండె కరెంటుని ఓ కంట కనిపెడుతూ ఉండాలి" అన్నారు.

ఆ కరెంటు సంగతి అడిగి తెలుసుకున్నాను. గుండె కొట్టుకునేటప్పుడు ప్రతి కణంలోకీ సోడియం దూసుకొస్తుంది. తర్వాత పొటాషియం బయటికి వెళ్తేనే కణం తేరుకుంటుంది. అది వెళ్లే దారుల్లో ముఖ్యమైనది హెర్గ్ చానెల్. కణంలో కొత్తగా తయారైన ఆ చానెళ్లు పైపొరకి చేరకుండా ఆర్సెనిక్ అడ్డుపడుతుంది. అందుకే దాని ప్రభావం మొదటి రోజు కనపడదు, రోజులు గడిచేకొద్దీ బయటపడుతుంది. కణం తేరుకోవడం ఆలస్యమైతే ఈసీజీలో క్యూటీ అనే దూరం సాగుతుంది. మరీ సాగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు.

వారానికి రెండు ఈసీజీలు, రెండు రక్తపరీక్షలు. రెండో వారంలో జ్వరం తగిలింది. ఆ రోజు మెషిన్ క్యూటీ 510 అని అచ్చేసింది. 500 మిల్లీసెకన్లు దాటితే మందు ఆపుతారని తెలుసు కాబట్టి నాకు ఒకటే టెన్షన్. డాక్టర్‌గారు కాగితం వెలుతురులో పెట్టి, పెన్ను మొనతో చిన్న గడులు లెక్కపెట్టారు. ఒక్కో గడి 40 మిల్లీసెకన్లు. 500 అంటే పన్నెండున్నర గడులు. నాది తొమ్మిదిన్నరకి కాస్త తక్కువే, 377. "నాడి 110 ఉంది. మెషిన్ క్యూటీని నాడి వేగానికి తగ్గట్టు సరిచేసి చూపిస్తుంది. దానికి వాడే బజెట్ అనే ఆయన సూత్రం నాడి వేగంగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది" అంటూ ఫ్రిడెరిషియా అనే మరో సూత్రంతో మళ్లీ వేస్తే 461 వచ్చింది. మందు ఆపలేదు. మెషిన్ అంకె ఒక్కటే నమ్మి ఉంటే నాకు కావలసిన మందు ఆ రోజు అనవసరంగా ఆగిపోయేది.

నాలుగో వారంలో మాత్రం నిజంగానే దాటింది. మూడు రోజులు విరేచనాలు, నోట్లోకి ముద్ద పోలేదు. పొటాషియం 4 పైన ఉండాల్సింది 3.1కి, మెగ్నీషియం 1.8 పైన ఉండాల్సింది 1.4కి పడిపోయాయి. ఆర్సెనిక్ ఆపి రెండూ సెలైన్‌లో ఎక్కించారు. మెగ్నీషియం తక్కువుంటే పొటాషియం ఎంత ఎక్కించినా మూత్రంలో పోతూనే ఉంటుందట. పొటాషియం ఎక్కుతున్నంతసేపూ నరం వెంట మంట.

అప్పుడే సిస్టర్ అడిగింది: "వాంతులకి ఏం వేసుకుంటున్నారు?" ఆన్‌డాన్‌సెట్రాన్ అని చెప్పాను. అదీ క్యూటీని సాగదీసేదే. వెంటనే మార్చేశారు. ఇలాంటి మందుల పేర్లు మొదటి రోజే కాగితం మీద రాసి చేతికివ్వాలి. నాకు ఎవరూ ఇవ్వలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. నాలుగు రోజులకి క్యూటీ 452కి దిగింది. ఆర్సెనిక్ మళ్లీ మొదలుపెట్టారు.

తర్వాత నాలుగు వారాలు మందు, నాలుగు వారాలు విరామం చొప్పున నాలుగు విడతలు. ఒక విరామంలో దగ్గు పట్టుకుని వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే అజిత్రోమైసిన్ రాయబోయారు. అదీ క్యూటీని సాగదీసేదే. నా ఈసీజీ కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. చూసి, వేరే మందు రాశారు.

చివరి విడత అయ్యాక తీసిన ఈసీజీని నేనే లెక్కపెట్టుకున్నాను. నాడి 60 ఉంటే ఏ సూత్రమూ అక్కర్లేదు, గడుల లెక్కే అసలు లెక్క. పదిన్నర గడులు వచ్చాయి.