తొమ్మిదో పేజీ

నేను ఎంతో అభిమానించే ఒక టీవీ రచయితతో నిన్న మాట్లాడాను. నా మొదటి ఎపిసోడ్ స్క్రిప్టు ముందే పంపాను, 41 పేజీలు. అరగంట ఎపిసోడ్‌కి అది చాలా ఎక్కువ. మామూలు లెక్కలో పేజీకి దాదాపు ఒక నిమిషం, ప్రకటనలు పోగా మిగిలేది 22 నిమిషాలే. తెలిసినా ఏదీ తీసేయడానికి మనసు రాలేదు.

ఆయన పొగడలేదు, తప్పుపట్టలేదు. తొమ్మిదో పేజీ తెరిచి, తల్లీకూతుళ్ల గొడవ సీన్ నన్నే పైకి చదవమన్నారు. సగంలోనే ఆగిపోయాను. ఇద్దరూ మనసులో ఉన్నదంతా ఒకరికొకరు చెప్పేసుకుంటున్నారు! అంత కోపంలో ఉన్నవాళ్లు అలా మాట్లాడరు కదా.

"ఈ అమ్మాయికి ఇప్పుడు ఏం కావాలి? నోరు తెరిచి అడగకుండా దాన్ని ఎలా రాబట్టుకుంటుంది?" అని మాత్రం అడిగారు. (అవకాశాలు ఎలా వస్తాయి, ఎవరిని కలవాలి అని నోట్‌బుక్ నిండా ప్రశ్నలు రాసుకున్నాను. ఒక్కటీ అడగాలనిపించలేదు.)

రాత్రి ఆ సీన్ మళ్లీ రాశాను. ఈసారి గొడవ అయిపోయాక మొదలుపెట్టాను. కూతురు బ్యాగు సర్దుకుంటోంది, తల్లి మాట్లాడకుండా ఆ బట్టలే మడతపెట్టి అందిస్తోంది. నాలుగు పేజీలు ఒకటిన్నర అయ్యాయి. ఆయనకు మళ్లీ పంపాలంటే టెన్షన్‌గానే ఉంది. ఆదివారం పంపుతాను.