చుక్క ముట్టని మూడో రాత్రి

మా ఆమదాలవలసలో నా గురించి ఒక కథ నడుస్తోంది. నేను అయ్యప్ప మాల వేసుకుని మందు తాగానట, అందుకే స్వామి నన్ను నిలువునా పడగొట్టాడట. కిరాణా కొట్టు దగ్గర విన్నాను, సెలూన్లో విన్నాను, ఆఖరికి చుట్టాల పెళ్లిలో బంతి భోజనాల దగ్గర కూడా విన్నాను. చెప్తున్నాయనకి పక్కన కూచున్నది నేనేనని తెలీదు. నేనూ చెప్పలేదు, సాంబారు పోయించుకుని లేచిపోయాను.

ఇప్పుడు చెయ్యి వణక్కుండా నాలుగు అక్షరాలు రాయగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. మాలలో నేను తాగలేదు. మాల కోసం మానేశాను. మానేసిన తీరే నన్ను చంపబోయింది.

నాది మోటారు వైండింగ్ పని. పొలాల బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు. తాగిన ఏళ్ల గురించి ఇక్కడ రాయను, వాటికి లెక్క చెప్పాల్సింది మా ఆవిడకి, చెప్పుకున్నాను. పాపను తీసుకుని ఆమె పాలకొండలో పుట్టింటికి వెళ్లిపోయాక పగలూ రాత్రీ తేడా పోయిందని మాత్రం చెప్పగలను. 2024 అక్టోబరులో ప్రభుత్వ మద్యం దుకాణాలు పోయి మళ్లీ ప్రైవేటు షాపులు తెరిచారు, 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. అప్పటికే నాకు పొద్దున్న లేవగానే ఒక గుక్క పడితే గానీ స్క్రూడ్రైవర్ నిలిచేది కాదు. అది వ్యసనం ముదిరినదానికి గుర్తని ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లంతా "మానీరా" అన్నారంతే.

కార్తీకంలో మా అమ్మ గురుస్వామి దగ్గరికి తీసుకెళ్లి మాల వేయించింది. ఆయన వడ్రంగి. పాతికేళ్లుగా కొండకి వెళ్తున్న మనిషి. మన వైపు ఇది మామూలే. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు, ఈలోగా అలవాటు తప్పుతుందని ఆశ. కొందరికి నిజంగానే తప్పుతుంది కూడా. మా వీధిలోనే ఇద్దరున్నారు, వాళ్లని చూసే అమ్మ ధైర్యం చేసింది.

మొదటి రోజు చన్నీళ్ల స్నానం చేస్తుంటే వణుకు మొదలైంది. చలి అనుకున్నారు. భిక్ష దగ్గర రెండు ముద్దలు తిని కక్కేశాను. చెమటలు, గుండె దడ, నిద్ర లేదు. రెండో రోజు సాయంత్రం పందిట్లో శరణుఘోష జరుగుతుండగా పడిపోయాను. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయట, నోట్లోంచి నురగ వచ్చిందట. ఒకాయన స్వామి పూనాడని దణ్ణం పెట్టాడట, ఇంకొకాయన చేతిలో ఇనుప తాళాల గుత్తి పెట్టాడట. తాళాలు పెట్టిన మనిషి మీద నాకు కోపం లేదు. ఆయనకి తెలిసిందది.

కోపం ఉన్నది ఆ తర్వాత తీసుకెళ్లిన ఆస్పత్రి మీద. పేరు రాయను. క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు నా నల్ల బట్టలూ మాలా చూసి, "మాలేసుకుని కూడా తాగొచ్చావా? సిగ్గుండక్కర్లా?" అన్నాడు. అప్పటికి నాకు స్పృహ వచ్చింది, ఆ మాట నా చెవులతో విన్నాను. మా అమ్మ చేతులు జోడించి, "నా బిడ్డ సుక్క ముట్టలేదు బాబూ, నిన్నట్నించీ మంచినీల్లే" అంటూనే ఉంది. ఆ ఒక్క వాక్యంలో జబ్బు పేరంతా ఉంది. రోజూ తాగేవాడు, నిన్నటి నుంచి ఆపేశాడు, ఫిట్స్ వచ్చాయి. ఇంతకంటే ఏం చెప్పాలి? ఆయన వినలేదు. గ్లూకోజు బాటిల్ ఒకటి ఎక్కించి పొద్దున్నే పంపేశారు. వెంట వచ్చిన స్వాములు నలుగురూ ఆ మాట విని ఊళ్లోకి మోసుకొచ్చారు. కథ పుట్టింది అక్కడ.

మూడో రాత్రి గురించి నాకు గుర్తున్నది కొంత, మా అప్ప చెప్పినది కొంత.

గోడ మీద నుంచి చీమలు దిగుతున్నాయి, మంచం కోళ్ల మీదుగా నా వేళ్లలోకి దూరుతున్నాయి. తర్వాత అవి చీమలు కావు, రాగి తీగ. నా వేళ్ల కొసల నుంచి తీగ వస్తోంది. ఎదురుగా స్టేటర్ ఉంది, అంటే మోటారులో తిరగని భాగం, తీగ చుట్టడానికి ఇరవై నాలుగు స్లాట్లు. నేను కాయిల్ చుట్టాలి. టర్నులు, అంటే తీగ చుట్లు, లెక్కపెడుతున్నాను, పైకే. మా అప్ప, "ఏటి సేస్తన్నావురా తమ్ముడా?" అంటే, "లెక్క తప్పించకు, పాప లోపలుంది" అన్నానట. అది నాకు బాగా గుర్తుంది. నా కూతురు ఆ మోటారు లోపల ఉంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. టర్నులు తక్కువైతే కాయిల్ కాలిపోతుంది, అది మా పనిలో మొదట నేర్చుకునే పాఠం. ఎవరో "స్వామీ, స్వామీ" అని పిలుస్తారు, లెక్క చెదిరిపోతుంది, మళ్లీ ఒకటి నుంచి. తెల్లార్లూ అదే పని. చేతులు గాలిలో తిరుగుతూనే ఉన్నాయట. బావ పట్టుకోబోతే కొట్టాను. చివరికి నన్ను మంచానికి కట్టేశారు, నా నల్ల తువ్వాలుతోనే. కట్టేస్తున్నవాళ్లు కూడా నన్ను "స్వామీ" అనే పిలిచారు, మాలలో ఉన్నాను కాబట్టి.

ఇలా చేస్తున్న వృత్తినే గాలిలో చేసుకుంటూ పోవడం మందు ఒక్కసారి ఆపేస్తే వచ్చే ఈ సన్నిపాతంలో తరచూ కనిపించేదేనని తర్వాత విశాఖలో డాక్టరమ్మ చెప్పింది. దర్జీలు గాలిలో కుడతారట, డ్రైవర్లు స్టీరింగు తిప్పుతారట. అది విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాకు పట్టింది దెయ్యమూ కాదు, శాపమూ కాదు, పుస్తకాల్లో రాసి ఉన్న జబ్బు.

ఆ రాత్రి ఇంట్లోవాళ్లకి ఇంకో భయం. ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే మాల ఉంది, మధ్యలో తీస్తే అరిష్టం. మా మేనత్త ససేమిరా అంది. తెల్లవారకముందే గురుస్వామిని లేపి తీసుకొచ్చారు. ఆయన నన్ను చూశాడు, కొబ్బరికాయ ఒకటి కొట్టాడు, మాల తనే తీసి తన మెడలో వేసుకున్నాడు. "పేనముంటే దీచ్చ మల్లీ పట్టొచ్చు. కారెక్కించండి" అన్నాడు. శాస్త్రం ఏమంటుందో నాకు తెలీదు. అరసవిల్లి దేవుడికి ఆదివారాలు వెళ్తాను, స్వామినీ తలుచుకుంటాను, కానీ ఆ తెల్లవారుజామున నాకు కనిపించిన దేవుడు లుంగీ కట్టుకుని వచ్చిన వడ్రంగి.

రణస్థలం, భోగాపురం ఎలా దాటామో నాకు తెలీదు. విశాఖ కేజీహెచ్‌లో, అదే అక్కడి పెద్ద ప్రభుత్వాస్పత్రిలో, చేరగానే అక్కడి నర్సు అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరిసారి ఎప్పుడు తాగాడమ్మా?" ఎంత తాగాడు అని కాదు, ఎప్పుడు అని. ముందు విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇచ్చారు, గ్లూకోజు ఆ తర్వాతే. ఏళ్ల తరబడి తాగినవాడి ఒంట్లో బి1 అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. మొదటి ఆస్పత్రి బాటిల్ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తర్వాత మత్తు మందు ఇచ్చి, రోజురోజుకీ కాస్త కాస్త తగ్గించారు. అక్కడి నుంచి వాల్తేరు మానసిక ఆస్పత్రికి పంపారు. ఆ పేరు చెప్తే మా వైపు పిల్లల్ని భయపెడతారు. నన్నక్కడ ఎవరూ భయపెట్టలేదు. గేటు దగ్గర టీ కొట్టతను తప్ప ఎవరూ ఎందుకొచ్చావని కూడా అడగలేదు.

డాక్టరమ్మ జబ్బు గురించి చెప్తే నాకు మా పని భాషలోనే అర్థమైంది. డీసీ సిరీస్ మోటారు నడుస్తుండగా లోడు ఒక్కసారి ఊడిందనుకోండి, అది హాయిగా తిరగదు. వేగం అదుపు తప్పి లోపల తిరిగే ఆర్మేచర్ ముక్కలవుతుంది. తాగే మందు రోజూ మెదడును కిందికి నొక్కుతుంటే, మెదడు దాన్ని తట్టుకోవడానికి తన జోరు పెంచుకుంటుంది. మందు ఒక్కసారి ఆగితే ఆ జోరు మిగిలిపోతుంది. వణుకు కొన్ని గంటల్లోనే మొదలవుతుంది, ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో, మతి చలించడం రెండో రోజు తర్వాత. నాకు వరస తప్పకుండా వచ్చాయి. చికిత్స లేకపోతే ఇందులో ప్రాణాలు పోతాయి.

అందుకే ఒక మాట చెప్తాను, సలహా అనుకోండి. పొద్దున్నే తాగితే గానీ చెయ్యి నిలవని మనిషి ఇంట్లో ఉంటే, ఒట్టు వేయించి, మాల వేయించి, గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. ముందు డాక్టరుకి చూపించండి, తర్వాత మాల వేయించండి, స్వామి ఏమీ అనుకోడు. అన్నంలో కలిపే పొడి అని అమ్ముతారు, అది అసలే వద్దు. మనిషికి తెలీకుండా ఆ మందు పెడితే, అతను తాగిన రోజు బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఎవర్ని అడగాలో తెలీకపోతే ఫోన్లు ఉన్నాయి: మత్తు అలవాట్లకి 14446, మనసు బాగోలేనప్పుడు 14416. రెండోదాన్ని 2022 అక్టోబరు 10న మొదలుపెట్టారు, తెలుగులోనే మాట్లాడతారు. రాత్రి నిద్ర పట్టక నేను చేశాను. అవతల అమ్మాయి నన్ను "మీరు" అంది. ఆ వారంలో నన్ను మీరు అన్నది ఆమె ఒక్కతే.

జబ్బు తగ్గించడం వాళ్లకి తెలుసు. తగ్గినవాణ్ణి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలీదు. డిశ్చార్జి కాగితం మీద చిరునామా అడిగారు. చెప్పాను. ఆ చిరునామాకి వెళ్లేసరికి నా సామాను వరండాలో ఉంది.

ఇంటాయన మంచివాడే, అద్దె ఆలస్యమైనా ఎప్పుడూ నోరు చేసుకోలేదు. తాగి వచ్చిన రాత్రులు గేటు తీసింది కూడా ఆయనే. తాగినన్నాళ్లూ ఉండనిచ్చినవాడు, మానేసి వస్తే పొమ్మన్నాడు. "మాలలో తాగినోడ్ని ఉంచితే మా ఇంటికి మంచిది కాదు. పూజగది ఉంది మాకు" అన్నాడు. కాగితాలు చూపించాను. ఇంగ్లీషులో ఉన్నాయి, ఆయన తిప్పి తిప్పి చూసి ఇచ్చేశాడు. అప్ప ఇల్లు రెండు గదులు, ఆడపిల్లలున్నారు. బావ నోటితో ఏమీ అనలేదు గానీ, నాకే తెలిసింది. ఎవరిని అడిగినా నా సంగతి నాకంటే ముందే వాళ్లకి చేరి ఉండేది.

కొన్నాళ్లు శ్రీకాకుళంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద నడిచే నిరాశ్రయుల షెల్టర్‌లో పడుకున్నాను. పక్క, దుప్పటి, ఫ్యాను ఉన్నాయి. ఫ్యాను కెపాసిటర్ పోయి ఉంటే మార్చాను, దాంతో వార్డెన్‌కి నా మీద గురి కుదిరింది. నా పక్క మంచం మీద పలాస నుంచి వచ్చిన పెద్దాయన. కొడుకులు వదిలేశారు, మనసు బాగోలేదు, మాత్రలు సంచిలో ఉన్నాయి గానీ ఏది ఎప్పుడు వేసుకోవాలో ఆయనకి తెలీదు. షెల్టర్లో అది చూసేవాళ్లు లేరు. ఆస్పత్రిలో మాత్రలు ఇస్తారు, మంచం ఖాళీ చెయ్యమంటారు. షెల్టర్లో మంచం ఇస్తారు, మాత్రల సంగతి తెలీదు. ఈ రెండింటి మధ్య ఆ పెద్దాయన అటూ ఇటూ తిరుగుతున్నాడు.

వాల్తేరులో సోషల్ వర్కర్ ఒకాయన నాకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి చెప్పాడు. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం లెక్కలో అనారోగ్యమే. ఇల్లు లేదనో, ఇంటివాళ్లు రానివ్వలేదనో మనిషిని ఆస్పత్రిలోనే ఉంచేయకూడదు, బయట సమాజంలో బతకడానికి మధ్యంతర గృహాల వంటివి ప్రభుత్వం ఏర్పాటు చేయాలని 19వ సెక్షన్ అంటుంది. చదివితే కడుపు నిండుతుంది. నేను తిరిగిన ఆఫీసుల్లో అలాంటి ఇల్లు ఎక్కడుందో చూపించినవాళ్లు లేరు. ఒక గుమస్తా అయితే, "తాగుబోతులకి కూడా ఇల్లా?" అని నవ్వాడు. 2019లో వచ్చిన ఎయిమ్స్ సర్వేలో, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కడికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలిందట. ఆ ఒక్కణ్ణి నేను. నాకే పడుకోవడానికి చోటు లేకపోతే మిగతా ముప్ఫై ఏడుగురు దేన్ని చూసి ఆస్పత్రికి రావాలి?

చివరికి గది ఇప్పించింది మళ్లీ గురుస్వామే. ఆయన చెక్కపని చేసిన ఒక ఇంట్లో వెనక భాగం, రేకుల గది. ఇంటావిడ రిటైరైన టీచరమ్మ. "మీకు జబ్బని విన్నాను. మందులు వేళకి వేసుకుంటారా?" అని సూటిగా అడిగింది. వేసుకుంటానన్నాను. "అయితే నీళ్లు పొద్దున్నే పట్టుకోండి, ఏడు దాటితే రావు" అంది. నెలనెలా శ్రీకాకుళం సర్వజన ఆస్పత్రి మానసిక విభాగంలో చూపించుకుంటున్నాను. తాగుడు కింద దిగులు జబ్బు కూడా ఉందన్నారు, దానికీ మాత్ర వాడుతున్నాను. పాప సెలవులకి వచ్చింది. మా ఆవిడ రాలేదు. రమ్మని అడగలేదు, ఇంకా.

మొన్న మా పాత ఇంటాయన షాపుకి వచ్చాడు. బోరు మోటారు కాలిపోయిందట, ఊళ్లో మిగతావాళ్లు వారం పడుతుందన్నారట. "చేతులు వణకడం లేదు కదా?" అని అడిగాడు. నేను మాట్లాడకుండా మోటారు విప్పాను. మర్నాటికల్లా వైండింగ్ చేసి, వార్నిష్ ఆరబెట్టి ఇచ్చాను. తెలిసినవాళ్లం కదా, ఏమైనా తగ్గించమన్నాడు. పైసా తగ్గించలేదు.