ఖరీదైన కన్వర్టర్, చవక సౌండ్ కార్డు: క్లాక్ ఎవరి చేతిలో?

బడ్జెట్ అంతా మంచి ఏడీ కన్వర్టర్‌కే (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే పెట్టెకే) అయిపోయి, పక్కన చవక సౌండ్ కార్డు పెట్టుకోవాల్సి వస్తే సౌండ్ పాడవుతుందా? పాడవదు. షరతులు మాత్రం రెండున్నాయి. కార్డు బిట్లను, అంటే ఆ అంకెలను, ముట్టుకోకూడదు. క్లాక్, అంటే సిగ్నల్‌ను ఏ క్షణాన కొలవాలో (శాంపిల్ తీయాలో) చెప్పే గడియారం, కన్వర్టర్ చేతిలో ఉండాలి.

సిగ్నల్ అంకెలుగా మారేది కన్వర్టర్‌లోనే. శాంపిల్ తీసే క్షణం అటూ ఇటూ జరిగితే, అంటే జిట్టర్ ఉంటే, అది రికార్డింగులో కలిసిపోతుంది, తర్వాత తీయలేం. అంకెలయ్యాక కేబుల్‌లో చేరే జిట్టర్ ఫైలుకు అంటదు, కార్డు బిట్లను సరిగ్గా చదివితే చాలు. ఇక్కడ కార్డు పని పోస్ట్‌మ్యాన్ పనే. దాని అనలాగ్ సాకెట్లు ఎంత నాసిరకమైనా మనకు సంబంధం లేదు.

కార్డులో చూడాల్సింది ఎస్‌పీడిఫ్ (పరికరాల మధ్య డిజిటల్ ఆడియోను పంపే కనెక్షన్) ఇన్‌పుట్, బయటి క్లాక్‌కు లాక్ అయ్యే సెట్టింగ్. మదర్‌బోర్డు వెనక ఉండే ఆప్టికల్ సాకెట్ చాలావరకు అవుట్‌పుట్ మాత్రమే, దానితో రికార్డింగ్ కుదరదు. పాత సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డుల జోలికి వెళ్లొద్దు, వాటి డీఎస్పీ (ఆడియో లెక్కలు చేసే చిప్) 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల శాంపిళ్లు) మీదే నడుస్తుంది, 44.1 ఇస్తే రీశాంపుల్ చేసి బిట్లను మార్చేస్తుంది. పీసీఐ స్లాట్ ఉన్న పాత కంప్యూటరైతే ఎం-ఆడియో ఆడియోఫైల్ 2496 ఇప్పటికీ పనికొస్తుంది. లినక్స్‌లో ఐస్1712 డ్రైవర్ దాన్ని నడిపిస్తుంది, ఎన్వీ24కంట్రోల్ అనే సెట్టింగుల ప్రోగ్రాంలో మాస్టర్ క్లాక్‌ను ఎస్‌పీడిఫ్ ఇన్‌కు మార్చుకోవచ్చు. యూఎస్‌బీలో కావాలంటే బెరింజర్ యూఎంసీ1820 లాంటివి ఉన్నాయి.

ఎక్కువమంది తడబడేది క్లాక్ దగ్గరే. క్లాక్ సెట్టింగ్ కన్వర్టర్‌లో ఇంటర్నల్ (సొంత క్లాక్), కార్డులో ఎక్స్‌టర్నల్ (బయటి క్లాక్) పెట్టాలి. రెండూ ఇంటర్నల్‌లో ఉంటే వాటి క్రిస్టల్స్ (క్లాక్‌ను నడిపే స్ఫటికాలు) ఎప్పుడూ ఒకే వేగంతో నడవవు. మధ్యలో 10 పీపీఎం (పది లక్షలకు పది) తేడా ఉన్నా 44.1 కిలోహెర్ట్జ్‌లో దాదాపు 2.3 సెకన్లకొక శాంపిల్ తప్పుతుంది, ఆ లెక్కకే టిక్కు టిక్కుమంటుంది. క్లిక్కులు ఇలా లెక్క ప్రకారం పడుతుంటే అనుమానం క్లాక్ మీదే పెట్టుకోండి. ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (ఆడియోను కాసేపు నిల్వ ఉంచే చోటు) సైజు పెంచి చూడండి.

రేటు కూడా రెండువైపులా ఒకటే ఉండాలి. కన్వర్టర్ 44.1లో పంపుతుంటే సాఫ్ట్‌వేర్ దాన్ని 48 ఫైలుగా రాసుకుందనుకోండి, ప్లే చేసినప్పుడు శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ పెరుగుతుంది. గాయకుడు ఒకటి శ్రుతిలో పాడితే వినబడేది ఒకటిన్నరకూ రెండుకూ మధ్య.

కేబుల్‌కు వేలకు వేలు పోయక్కర్లేదు. పాత టీవీతో వచ్చిన పసుపు పిన్ను వీడియో కేబుల్ 75 ఓమ్‌లదే అయి ఉంటుంది, మీటరు రెండు మీటర్ల దూరానికి అది బాగానే పనిచేస్తుంది. ఎర్ర, తెల్ల ఆడియో వైర్లు వాడొద్దు. కోయాక్సియల్ (ఇలాంటి రాగి తీగ కేబుల్) తగిలించగానే గుయ్‌మంటే అది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్‌లు రెండు దారుల్లో కలిసి వచ్చే రొద), ఆప్టికల్‌కు (కాంతితో పంపే కేబుల్‌కు) మారితే పోతుంది. ఆప్టికల్ సాకెట్ చూడ్డానికి ఏడాట్‌కైనా (ఎక్కువ ఛానళ్లు పంపే మరో డిజిటల్ పద్ధతి) ఎస్‌పీడిఫ్‌కైనా ఒకటే, సెట్టింగ్ తప్పితే లాక్ అవదు.

కార్డు నిజంగా బిట్లను మార్చడం లేదా అన్నది తేల్చుకోవడానికి ముందు కన్వర్టర్‌ను తీసేసి, కార్డు ఎస్‌పీడిఫ్ అవుట్‌ను దాని ఇన్‌కే కలపండి. ఈ ఒక్క పరీక్షకు మాత్రం క్లాక్ ఇంటర్నల్‌లో ఉండాలి, లేకపోతే కార్డు తన తోకను తానే తరుముకుంటుంది. 24 బిట్ వేవ్ ఫైలును ప్లే చేస్తూ రికార్డు చేయండి. రెండు ట్రాకులనూ శాంపిల్‌కు శాంపిల్ జరిపి సరిచేసి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (తలకిందులు చేసి) కలపండి. మిగిలేది పూర్తి నిశ్శబ్దమే కావాలి. ఏదైనా సన్నగా మిగిలితే డిథర్ (సాఫ్ట్‌వేర్ కావాలనే కలిపే సన్నని శబ్దం) ఆపారా, విండోస్ వాల్యూమ్ నూటికి నూరు ఉందా, ఏఎస్‌ఐఓ గానీ వాసాపీ ఎక్స్‌క్లూజివ్ గానీ (విండోస్ మిక్సర్‌ను దాటి కార్డుతో నేరుగా మాట్లాడే పద్ధతులు) వాడుతున్నారా చూడండి. షేర్డ్ మోడ్‌లో విండోస్ మిక్సర్ తనకు సెట్ చేసిన రేటుకే అన్నిటినీ మార్చేస్తుంది.

డీఏ కన్వర్టర్ (అంకెలను తిరిగి అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది) కూడా ఉంటే దాన్ని కార్డు ఎస్‌పీడిఫ్ అవుట్‌కు కలిపి, వచ్చే సిగ్నల్‌కే లాక్ చేయండి. బెంచ్‌మార్క్ డీఏసీ1 లాంటివి లోపల అసింక్రనస్ రీశాంప్లింగ్ చేస్తాయి (వచ్చిన అంకెలను తమ సొంత క్లాక్‌కు మార్చుకుంటాయి) కాబట్టి కార్డు జిట్టర్‌ను పెద్దగా లెక్కచేయవు. లెవెల్ దగ్గర మాత్రం జాగ్రత్త: స్టూడియో కన్వర్టర్లలో కొన్ని 0 డీబీఎఫ్ఎస్ (డిజిటల్‌లో గరిష్ఠ స్థాయి) దగ్గర ప్లస్ 24 డీబీయూ (అనలాగ్ సిగ్నల్ బలానికి కొలత) దాకా ఇస్తాయి. మైనస్ 10 డీబీవీ ఇన్‌పుట్‌కు (ఇంట్లో వాడే పరికరాల స్థాయి) అది చాలా ఎక్కువ, స్పీకర్లు ఆన్ చేసే ముందే తగ్గించుకోండి.

కన్వర్టర్‌కే యూఎస్‌బీ ఉండి, అదనపు ఛానళ్ల అవసరం లేకపోతే మధ్యలో కార్డు కొనకండి, ఆ డబ్బు మైక్ మీద పెట్టండి.